చేపల తూకానికి ఏ కాంటా మేలు?
స్ప్రింగ్ కాంటా, ఎలక్ట్రానిక్ కాంటాల గుణదోషాలు

వరంగల్: చెరువుల్లో నీరు తగ్గి వలలు పడే రోజుల్లో చేపల వ్యాపారంలో ధర గురించి ఎంత బేరం జరుగుతుందో, తూకం గురించి అంత తగాదా జరుగుతుంది. పాకాల, లక్నవరం, రామప్ప, ధర్మసాగర్ వంటి పెద్ద జలాశయాల సరుకైనా, ఊరి చెరువు సరుకైనా కట్టమీద తూగేది చాలాచోట్ల వేలాడే డయల్ కాంటా మీదనే. అదే సరుకు పట్నంలో చిల్లర దుకాణానికి చేరేసరికి ఎలక్ట్రానిక్ కాంటా ఎక్కుతుంది. కట్టమీది లెక్కకు, దుకాణం లెక్కకు మధ్య వచ్చే తేడా మత్స్యకారులు, మారుబేరగాళ్లు, చిల్లర వర్తకుల్లో ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అందులో కొంత నీరు కారినందువల్ల వచ్చే సహజమైన తరుగు. మిగిలింది కాంటా చేసే పని.

ముందు స్ప్రింగ్ కాంటా సంగతి చూద్దాం. బరువు తగిలిస్తే ఉక్కు స్ప్రింగ్ సాగుతుంది, ఎంత సాగితే ముల్లు అంత తిరుగుతుంది. బ్యాటరీ అక్కరలేదు, బురదలో పడ్డా పనిచేస్తుంది, చుట్టూ నిలబడిన పదిమందికీ ముల్లు కనిపిస్తుంది. ఈ చివరి గుణం చిన్నదేమీ కాదు. అక్షరం రాని జాలరి కూడా ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పగలడు.

అయితే గీతల మధ్య దూరమే దాని బలహీనత. 50 కిలోల డయల్ కాంటాకు సాధారణంగా 200 గ్రాములకొక గీత ఉంటుంది. ముల్లు రెండు గీతల నడుమ ఆగితే కింది గీతనే లెక్కలోకి తీసుకునే వాడుక ఉన్నచోట తూకానికి సగటున 100 గ్రాములు పోతాయి. టన్ను సరుకును 20 కిలోల చొప్పున తూస్తే 50 తూకాలు. అంటే 5 కిలోలు. బొచ్చె, రవ్వ కిలో 120 రూపాయలు అనుకుంటే 600 రూపాయలు, కొర్రమీను కిలో 400 అనుకుంటే 2,000 రూపాయలు లెక్కలోకి రాకుండా పోయినట్టే. ఇందులో మోసం లేదు, వాడుక మాత్రమే ఉంది.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. వేడికి ఉక్కు స్ప్రింగ్ మెత్తబడుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.03 శాతం ఎక్కువ సాగుతుంది. 25 డిగ్రీల వద్ద సరిచేసిన సాధారణ స్ప్రింగ్ కాంటాను మే నెలలో 45 డిగ్రీల ఎండలో వేలాడదీస్తే 20 కిలోలకు 120 గ్రాముల దాకా ఎక్కువ చూపుతుంది. గీత 200 గ్రాములది కనుక ఒక్క తూకంలో ఈ తేడా కంటికి ఆనదు. టన్నుకు మాత్రం 6 కిలోలవుతుంది, అదీ కొనేవాడికి నష్టం. కింది గీత వాడుక అమ్మేవాడిని, ఎండ కొనేవాడిని దెబ్బతీస్తే రెండూ చెల్లుకు చెల్లు అనుకోరాదు. పొద్దున చల్లని వేళ తూచిన సరుకుకు వాడుక ఒక్కటే మిగులుతుంది. ఇక తుప్పు, మోయదగిన దానికి మించి బరువు వేయడం, తూకం అయిపోయాక కూడా బుట్టను కొక్కేనికే వదిలేయడం స్ప్రింగును చెడగొట్టే అలవాట్లు.

ఎలక్ట్రానిక్ కాంటాలో స్ప్రింగుకు బదులు లోడ్ సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువుకు అది కంటికి కనిపించనంత వంగుతుంది. ఆ వంపును దానికి అతికించిన సన్నని తీగెలు విద్యుత్ సంకేతంగా మార్చితే అంకె వెలుగుతుంది. 30 కిలోల కాంటా 5 గ్రాముల తేడాను చూపగలదు.

రెండింటి అంతరం తూనికలు కొలతల నిబంధనల్లోనే స్పష్టంగా ఉంది. అనుమతించే పొరపాటును కాంటా విభాగాన్ని బట్టి నిర్ణయిస్తారు. 200 గ్రాముల గీతలున్న 50 కిలోల కాంటా సాధారణ తరగతి కిందికి వస్తుంది. 20 కిలోల బరువు వద్ద దానికి ముద్ర వేసేటప్పుడు అటూ ఇటూ 200 గ్రాములు, వాడకంలో తనిఖీ చేసినప్పుడు 400 గ్రాముల దాకా తేడా ఉన్నా చెల్లుతుంది. మధ్యమ తరగతికి చెందిన 5 గ్రాముల ఎలక్ట్రానిక్ కాంటాకు అదే బరువు వద్ద ముద్ర వేసేటప్పుడు ఏడున్నర, వాడకంలో 15 గ్రాములే అనుమతి. అంటే చట్టప్రకారం సక్రమమైన స్ప్రింగ్ కాంటా కూడా బుట్టకు 400 గ్రాములు తప్పు చూపవచ్చు. ఖరీదుదారులు ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది.

అలాగని అంకె వెలిగినంత మాత్రాన నమ్మనక్కరలేదు. చేపల వ్యాపారంలో ఎలక్ట్రానిక్ కాంటాకు ప్రధాన శత్రువు నీరు. ఐసు కరిగిన నీరు లోడ్ సెల్ కనెక్షన్లలోకి దిగితే అంకె నిలకడగా ఉండదు. నీరు చొరకుండా మూసిన రకాన్నే కొనాలి. బియ్యం కొట్టుకు పనికొచ్చేది చేపల కొట్టుకు పనికిరాదు. కాంటా చదునుగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, అంకె ఇద్దరికీ కనిపించాలి.

ట్రే బరువు తీసివేసే మీట వద్దనే ఎక్కువ గొడవలు పుడతాయి. పొద్దున పొడి ట్రే పెట్టి సున్నా చేస్తే, పది తూకాల తర్వాత అదే ట్రే నీరు, జిగురు, ఐసు ముక్కలతో బరువెక్కుతుంది. ఆ అదనం చేపల ఖాతాలోకి పోతుంది. నాలుగైదు తూకాలకొకసారి ఖాళీ ట్రే పెట్టి మళ్లీ సున్నా చేయడానికి దడవాయికి పట్టే కాలం అర నిమిషం. ఆంధ్ర ప్రాంతం నుంచి ఐసు పెట్టెల్లో వచ్చే సరుకుకు ఇది మరీ ముఖ్యం. ఐసుకూ చేపకూ భేదం ఏ కాంటాకూ తెలియదు.

ప్రాణంతో అమ్మే కొర్రమీనుది వేరే చిక్కు. అది కొట్టుకుంటుంటే ముల్లూ నిలవదు, అంకే నిలవదు. పెద్దగా ఊగినప్పుడు చదివితే అమ్మేవాడికి లాభం, తగ్గినప్పుడు చదివితే కొనేవాడికి. సగం నీళ్లున్న తొట్టిని కాంటా మీద పెట్టి, సున్నా చేసి, చేపను అందులో వదలడం మంచి పద్ధతి. చేప నెమ్మదిస్తుంది, పెరిగిన బరువే చేప బరువు. నీళ్లు చిందకూడదు, అంతే.

చట్టం విషయానికి వస్తే, 2009 లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఏ రకం కాంటా అయినా ఆమోదం పొందిన నమూనా అయి ఉండాలి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. తూకపు రాళ్లకు రెండేళ్లకొకసారి, స్ప్రింగ్, ఎలక్ట్రానిక్ కాంటాలకు ఏడాదికొకసారి మళ్లీ ముద్ర వేయించాలి. సంచీలు తూచుకునేందుకు అమ్మే చవకరకం చేతి ఎలక్ట్రానిక్ కాంటాలకు ఆమోదం లేకపోతే ముద్ర పడదు, వాటితో వ్యాపారం చేయడం నేరం. ఎలక్ట్రానిక్ కాంటాను లోపల సరిచేసే చోట తీగెతో వేసిన సీసపు ముద్ర చెక్కుచెదరకుండా ఉందో లేదో కొనేవాడు అడిగి చూడవచ్చు.

టోకు అడ్తిలో ట్రేలు ఎక్కే ఎలక్ట్రానిక్ ప్లాట్‌ఫారం, చిల్లరకు 30 కిలోల కాంటా తగినవి. ధరలో తేడా ఉన్నా, కొర్రమీను అమ్మేవారికి పైన చెప్పిన లెక్కనుబట్టి అది త్వరగానే తిరిగివస్తుంది. చెరువు కట్టమీద కూడా ముద్ర ఉన్న ఎలక్ట్రానిక్ కాంటానే వాడి, బ్యాటరీ దిగినప్పటికి స్ప్రింగ్ కాంటాను చేతికింద ఉంచుకోవచ్చు. స్ప్రింగ్ కాంటా తప్పనిసరైతే నీడలో కట్టి, ముల్లు నడుమ ఆగినప్పుడు ఏ గీత చదవాలో తూకానికి ముందే ఇరుపక్షాలు ఒప్పుకోవాలి. సహకార సంఘాలు ముద్ర ఉన్న 10 కిలోల రాయి ఒకటి వెంట తీసుకుపోయి, మొదటి బుట్టకు ముందు, ఎండ ముదిరాక మరొకసారి కాంటాకు తగిలించి చూసుకుంటే ఆ రోజు తేడా ఎంతో అక్కడికక్కడే తేలిపోతుంది.