మల్టిపుల్ స్క్లెరోసిస్: సకాలంలో సరైన వైద్యుని చేరడమే కీలకం

జంషెడ్‌పూర్: ఒక కంటిచూపు అకస్మాత్తుగా మసకబారడం, కాళ్లలో తిమ్మిరి, నడకలో తూలుడు... కొద్ది వారాల్లో ఇవి తగ్గిపోతే చాలామంది మరచిపోతారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ తరచుగా ఇలాగే మొదలవుతుంది. శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములోని నాడీతంతువులపై ఉండే మైలిన్ పొరను దెబ్బతీయడం ఇందుకు మూలం. 20 నుంచి 40 ఏళ్ల వయసులో, పురుషులకంటే మహిళల్లో ఇది ఎక్కువగా బయటపడుతుంది.

ఉక్కునగరంలో టాటా మెయిన్ హాస్పిటల్, ప్రభుత్వ ఎంజీఎం వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. రాంచీలోని రిమ్స్‌కు సుమారు 130 కిలోమీటర్లు ప్రయాణించాలి. చూపు మందగించినవారు తొలుత కంటి వైద్యుని, కాళ్లు తిమ్మిరెక్కినవారు ఎముకల వైద్యుని ఆశ్రయించడం సహజం. అక్కడినుంచి నాడీవైద్య నిపుణునికి జాప్యం లేకుండా పంపే స్పష్టమైన విధానం ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలి.

ఎంఆర్‌ఐతో పాటు అవసరాన్నిబట్టి వెన్నుపాము ద్రవ పరీక్ష చేస్తారు. ఇవే లక్షణాలు కనబరిచే ఎన్‌ఎంఓఎస్‌డీ అనే వ్యాధిని గుర్తించేందుకు రక్తపరీక్ష తోడ్పడుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ మందులు కొన్ని ఆ వ్యాధిని తీవ్రతరం చేయగలవు కనుక ఈ విభజన ముఖ్యం.

స్టెరాయిడ్లు వ్యాధి తిరగబెట్టినప్పుడు త్వరగా కోలుకునేందుకు ఉపకరిస్తాయి తప్ప దాని గమనాన్ని మార్చవు. అందుకు దీర్ఘకాలిక మందులు కావాలి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్‌లను ఈ వ్యాధికి అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మందులతోనే బాధ్యత తీరదు. ఫిజియోథెరపీ, మూత్రసమస్యలకు చికిత్స, మానసిక ఆసరా ఒకేచోట లభించాలి. దివ్యాంగుల హక్కుల చట్టం–2016 ఈ వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చినందున, ధ్రువపత్రం పొందే మార్గాన్నీ ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే రోగికి తెలియజేయాలి.