కీలుగుర్రానికి ఉలవలు అక్కర్లేదు

అమెరికాలో ఇళ్ళూ భూములూ అమ్మే వ్యాపారులు వాడే మాట ఒకటుంది: 'హార్స్ ప్రాపర్టీ'. కొలరాడో లాంటి చోట్ల కొండల పాదాన కొన్ని ఎకరాల నేల, అందులో విశాలమైన ఇల్లు, పక్కన గుర్రపు లాయం, చుట్టూ కంచె వేసిన పచ్చిక, అక్కణ్ణుంచి కొండ మీదికి స్వారీ బాట. వీటన్నిటినీ కలిపి అమ్మే ఆస్తికి ఆ పేరు. అలాంటి ప్రకటనలు కొన్ని నేను శ్రద్ధగా చదివాను. వాటిని సాహిత్యం చదివినట్టే చదివానని చెప్పడానికి సంకోచించను. అవీ ఒక జీవితాన్ని వర్ణిస్తాయి, ఒక నాయకుణ్ణి నిలబెడతాయి, చదివేవాడిలో ఒక కోరిక పుట్టిస్తాయి. ఆ వర్ణనలో కొండ వుంటుంది, గాలి వుంటుంది, సూర్యాస్తమయం వుంటుంది, గుర్రం వుంటుంది. గుర్రానికి గడ్డి వేసే మనిషి మాత్రం వుండడు.

ఇది మరపు వల్ల జరిగింది కాదు. ఆ సంగతి తెలియాలంటే ముందు గుర్రం సంగతి తెలియాలి. 400 కిలోల గుర్రం రోజుకి 8 కిలోల దాకా ఎండుమేత తింటుంది. 20, 30 లీటర్ల నీళ్ళు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. లాయంలో లద్ది రోజూ ఎత్తిపొయ్యాలి, ఒంటికి మాలీసు చెయ్యాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కి లాడాలు వెయ్యాలి. అంటే గుర్రం వున్నచోట గడ్డి కోసే చెయ్యి, నీళ్ళు మోసే భుజం, లద్ది ఎత్తే తట్ట వుండి తీరాలి. అరక కట్టిన ఎద్దు తాను తిన్నది దుక్కిలో తీరుస్తుంది. షోకు గుర్రం యజమానికి హోదా తప్ప మరేదీ పండించదు. అయినా దాని మేత ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువలేదన్న సామెత ఆ మేత మోసినవాళ్ళ నోట పుట్టిందే అయివుంటుంది.

'ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు?' అని ఎవరైనా అడగవచ్చు. మన నేల మీద దీనికి పాత రూపం వుంది. నూజివీడు మామిడితోటల సీమలోని ఆగిరిపల్లినే తీసుకుందాం. ఊరిని ఆనుకుని శోభనాచలం కొండ, దాని మీద నరసింహస్వామి కోవెల, చుట్టూ తోటలు. ఇది నూజివీడు జమీందారీ సీమ. 1802లో మద్రాసు రాజధానిలో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి జమీందారు ప్రభుత్వానికి కట్టవలసింది ఎంతో నిర్ణయించింది. రైతు జమీందారుకి కట్టవలసిందానికి అలాంటి కట్టుదిట్టం చెయ్యలేదు. ఆ రెండింటి మధ్య వున్న తేడాలోంచే జమీందారీల్లో కోటలు లేచాయి, ఏనుగులు వచ్చాయి, లాయాలు నిండాయి. ఉత్తరాదిన అవధ్‌లో తాలూకాదార్లు ఈ లెక్కని దాచలేదు కూడా. దొర ఏనుగు కొంటే 'హథియావన్', గుర్రం కొంటే 'ఘోడావన్', మోటారు కొంటే 'మోటరావన్' అని రైతుల దగ్గర వసూలు చేశారు. 1920లో అక్కడి రైతులు తిరగబడినప్పుడు ఈ వసూళ్ళ రద్దు వాళ్ళ కోరికల్లో ఒకటి.

ఆ మేత చరిత్ర కొంత మన వంటింట్లోనూ నిలిచింది. ఎడ్లకీ గుర్రాలకీ ఉలవలు ఉడకబెట్టేవారు. గింజ పశువుకి, పైన తేరిన ఉలవకట్టు మనిషికి. ఇంగ్లీషువాడు ఆ గింజకి గుర్రం పేరే పెట్టాడు. ఆ కట్టునే చింతపండు వేసి చిక్కగా మరిగిస్తే ఉలవచారు. ఇవాళ బెజవాడ హోటళ్ళలో మీగడతో వడ్డించే ఆ గొప్ప వంటకం వెనుక, పశువుకి పెట్టగా మిగిలిన నీళ్ళతో కడుపు నింపుకున్న మనుషులున్నారు.

ఇక సినిమా సంగతి. ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. మరుసటి సంవత్సరమే, 1949లో, 'కీలుగుఱ్ఱం' విడుదలయింది. నిర్మాతా దర్శకుడూ మీర్జాపురం రాజా. మీర్జాపురం నూజివీడు పక్కనే. చిత్ర సంస్థ పేరు శోభనాచల. ఆగిరిపల్లి కొండ పేరే మద్రాసులో స్టూడియో పేరయింది. మాటలు రాసింది తాపీ ధర్మారావు. 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల మొదటి మహాసభకి అధ్యక్షత వహించిన తాపీ ధర్మారావే. ఇది నేను ఎవరి మీదా ఆక్షేపణగా చెప్పడం లేదు. కాలం తన వైరుధ్యాలని ఒకే తెర మీద ఎలా గుదిగుచ్చుతుందో చూడమంటున్నాను.

జమీందారీ లాయాలకి నూకలు చెల్లుతున్న రోజుల్లో తెర మీద ఈ గుర్రం ఎగిరింది. దానికి ఉలవలు అక్కర్లేదు. గడ్డి కోసేవాడు, లద్ది ఎత్తేవాడు అక్కర్లేదు. మర తిప్పితే చాలు. శ్రమ లేని హోదా, సేవకుడు కనిపించని సేవ: పాలకవర్గపు కల ఇంతకంటే స్పష్టమైన రూపం ధరించదు. అయితే ఇక్కడే ఆగిపోతే విమర్శ యాంత్రికమవుతుంది. ఆ చిత్రాన్ని విరగబడి చూసింది రాజులు కాదు, నేల టిక్కెట్టు జనం. జానపద కథలో కీలుగుర్రం, జన్మలో జీను ఎక్కలేనివాడి కల కూడా. ఒకడు పనివాణ్ణి మాయం చెయ్యడానికి ఆ గుర్రాన్ని కోరితే, ఇంకొకడు ఆ పనినుంచి తాను బయటపడడానికి కోరతాడు. ఒకే ప్రతీక రెండు వర్గాల చేతుల్లో రెండు అర్థాలిస్తుంది. ప్రతీక ఎవరి చేతిలో వుందో అడగకుండా దాని అర్థం చెప్పబోవడం వృథా.

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు రాజధాని నూజివీడు ప్రాంతానికి వస్తుందన్న ప్రచారం నడిచింది. భూముల ధరలు లేచాయి. మామిడితోటని ముక్కలుగా కోసి, 'ఫారం హౌస్', 'ప్రకృతి ఒడిలో జీవనం' అని అమ్మే భాష మన దగ్గరికీ వచ్చింది. గుర్రం వచ్చినా రాకపోయినా ఆ కల వచ్చింది. పది మీటర్ల ఎడంలో నాటితే ఎకరానికి 40 మామిడి చెట్లు. ఆ 40 చెట్ల చుట్టూ ఒక లోకం వుంది: పూతమీదే తోట గుత్తకి తీసుకునే వ్యాపారి, గుడిసెలో రాత్రింబగళ్ళు కాపలా కాసే కుటుంబం, చిక్కంతో కాయ దించే కూలీ, రసాలనీ బంగినపల్లినీ ఏరి గడ్డిలో సర్దే ఆడవాళ్ళు, నున్న మార్కెట్టుకి తోలే బండి. తోట ప్లాట్లయితే ఆ 40 చెట్లలో నాలుగు నీడ కోసం మిగలవచ్చు. అవి కాయలు కూడా కాయవచ్చు. కాని ఆ లోకం మిగలదు. చెట్టు పంట కావడం మాని దృశ్యమవుతుంది.

సాహిత్య విద్యార్థులకి ఒక చిన్న పని చెబుతాను. ఇలాంటి ప్రకటన ఏదైనా తీసుకుని అందులో క్రియాపదాలు గీత గీసి చూడండి. 'పెంచబడును', 'నిర్వహించబడును', 'కాపలా ఏర్పాటు చేయబడును'. అంతా కర్మణి ప్రయోగమే. పెంచేదెవరు, కాపలా కాసేదెవరు? కర్త ఎక్కడా లేడు. వ్యాకరణం ఇక్కడ వర్గానికి ఊడిగం చేస్తోంది. మన కథల్లోనూ కొండా తోటా వెన్నెలా వర్ణించేటప్పుడు ఈ 'బడు' తెలియకుండానే చొరబడుతుంది.

పల్లకీ గురించి రాసినప్పుడు మన కవిత్వం మోసినవాళ్ళ పేర్లు అడిగింది. లాయం గురించి, తోట గురించి అదే ప్రశ్న వెయ్యడం కథకుల వంతు. కొండ కింద ఇల్లు ఎంత అందంగానైనా వర్ణించండి. నీళ్ళు ఎవరు తోడారో ఒక్క వాక్యంలో చెప్పండి, కర్తరి ప్రయోగంలో.