ఐపీ ఒక్కటే దారి కాదు

"ఫలానా ఆయన ఐపీ పెట్టాడట!" ఈ మాట చెవిన పడకుండా పెరిగిన తెలుగువాడు అరుదు. (పిల్లలూ, ఇది మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ కాదు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, అంటే అప్పులు తీర్చలేనని కోర్టుకు పెట్టుకునే దరఖాస్తు.) 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ప్రకారం, కనీసం 500 రూపాయల అప్పు ఉండి తీర్చే దారి లేనివాడు ఈ దరఖాస్తు వేసుకోవచ్చు. అదే చట్టంలో 38వ సెక్షను ఒకటుంది. అప్పులవాళ్ళకు ఇంతింత ఇస్తానని బాకీదారు ప్రతిపాదించవచ్చు. వాళ్ళలో ఎక్కువమంది, బాకీ విలువలో నాలుగింట మూడు వంతుల వాళ్ళు ఒప్పుకుంటే కోర్టు పరిశీలించి ఆమోదించవచ్చు. కానీ జనం నోట ఆ సెక్షను నిలవలేదు, "ఐపీ పెట్టి ఎగ్గొట్టాడు" అన్న నింద మాత్రం నిలిచింది. ఆ నింద మనతో పాటు విమానమెక్కి ఇక్కడికీ వచ్చింది.

ఈ సంగతి ఎందుకు ఎత్తానంటే, జాన్సన్‌విల్ నుంచి రోజూ నాతో రైల్లో వెల్లింగ్టన్ వచ్చే మిత్రుడొకరున్నారు. పేరు అక్కర్లేదు, ఆయన అనుమతితోనే రాస్తున్నాను. ఒక ఉదయం రైలు సిమ్లా క్రెసెంట్ స్టేషన్ దాటుతుండగా, "అన్నయ్యా, మీ మూడు వేలు ఇప్పట్లో ఇవ్వలేను" అన్నాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. నాన్నగారి ఆపరేషన్, చెల్లెలి పెళ్ళి, మధ్యలో నాలుగు నెలలు ఉద్యోగం లేకపోవడం... మూడు క్రెడిట్ కార్డుల మీద 21,000 డాలర్లు, ఫైనాన్స్ కంపెనీకి 15,000, నా 3,000. మొత్తం 39,000. ఇంట్లో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. కీత్ స్ప్రై పూల్‌లో పిల్లల ఈత పాఠాలు మానిపించి, చలి కాబట్టి వద్దన్నాడట. లోపలుండే వేడినీళ్ళ కొలనది!

నేను వెంటనే ఎక్సెల్ తెరిచాను, వృత్తి రోగం కదా. కార్డులకు 20 శాతం వడ్డీ వేసుకుంటే 21,000 మీద ఏడాదికి 4,200. అంటే వారానికి 80 డాలర్లు వడ్డీకే చాలవు, అసలు అంగుళం కదలదు. అతను మాత్రం ఒక కార్డుతో ఇంకో కార్డు కడుతున్నాడు. "దివాలా తీసేకంటే ఇదే నయం కదా" అన్నాడు.

అతనికి తెలిసినవి రెండే: అంతా కట్టడం, లేదా దివాలా. ఈ రెంటి మధ్యలో డెట్ రీపేమెంట్ ఆర్డర్ అనేది ఉంది. దాని పాత పేరు సమ్మరీ ఇన్‌స్టాల్‌మెంట్ ఆర్డర్. 1967 చట్టం కింద దీన్ని కోర్టు ఇచ్చేది. 2006 నాటి ఇన్‌సాల్వెన్సీ చట్టం 2007 డిసెంబరులో అమల్లోకి వచ్చాక ఆ పని అఫీషియల్ అసైనీ అనే ప్రభుత్వాధికారి చేతికి వెళ్ళింది. 2020లో పేరు మారింది. ఇలాంటి ఏర్పాటు ఇంగ్లండులో 1883 నాటికే ఉంది. 50 పౌండ్లు మించని అప్పులున్నవాడికి అక్కడ కౌంటీ కోర్టు వాయిదాలు కట్టించేది.

తాకట్టు లేని అప్పులు, స్టూడెంట్ లోన్ కాకుండా, 50,000 డాలర్లు మించకూడదు. గడువు మామూలుగా 3 ఏళ్ళు, ప్రత్యేక పరిస్థితుల్లో 5. ఒక పర్యవేక్షకుణ్ణి నియమిస్తారు. సాధారణంగా బడ్జెట్ సలహా సేవల్లో పనిచేసేవారే ఆ బాధ్యత తీసుకుంటారు. మీ వాయిదా ఆయన చేతికి వెళ్తుంది, అప్పులవాళ్ళకు పంచేది ఆయన. బాకీ పూర్తిగా కట్టమని ఉండవచ్చు, వీలైనంత మేరకే కట్టమనీ ఉండవచ్చు. ఆర్డర్ నడిచినంత కాలం, అందులో ఉన్న అప్పుల కోసం అనుమతి లేకుండా ఎవరూ మీ మీద చర్యకు దిగలేరు. కారు తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు మాత్రం ఇందులోకి రాదు. ఆ వాయిదా ఆగితే కారు పోతుంది. మా మిత్రుడి లెక్క 156 వారాలకు వారానికి 250 డాలర్లు.

ఇక అసలు చిక్కు చేబదులు దగ్గర వచ్చింది. "మీది ముందు విడిగా ఇచ్చేస్తానన్నయ్యా, మనవాళ్ళను ఆ కాగితాల్లోకి ఎందుకు లాగడం?" అన్నాడు. మంచి మనసే, కానీ కుదరదు. కాగితం లేకుండా స్నేహితుల దగ్గర తీసుకున్నదీ అప్పే, జాబితాలో ఉండాల్సిందే. ఆస్తులూ అంతే. గుంటూరు దగ్గర తన పేరున రెండు సెంట్ల స్థలం ఉంటే అదీ చెప్పాలి. ఎవరి బాకీని బట్టి వాళ్ళకు పంచితే నా వంతు వారానికి 19 డాలర్ల చిల్లర. అది విని ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజుల తరువాత అతను నవ్వడం చూశాను.

ఊరికే రాదు ఈ రక్షణ. పేరు పబ్లిక్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతికి చూడవచ్చు. మనవాళ్ళు వెనకడుగు వేసేది ఇక్కడే. 1,000 డాలర్లు, ఆ పైన అప్పు అడిగితే ఈ ఆర్డర్ సంగతి ముందే చెప్పాలి. వాయిదాలు ఎగ్గొడితే ఆర్డర్ రద్దు కావచ్చు, అప్పులవాళ్ళు మళ్ళీ మొదటికొస్తారు. నన్నడిగితే, రాత్రి నిద్ర పట్టకపోవడం కన్నా రిజిస్టర్‌లో పేరుండడం నయం. మా మిత్రుడు ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ముందు భార్యతో చెప్పాడు. ఆమె ఏడవలేదట, "ఈత పాఠాలు ఎందుకు ఆగాయో ఇప్పుడర్థమైంది" అందట.

అప్పు ఇంకా ముదరకపోతే ఇంత దూరం రానక్కరలేదు. ఉద్యోగం పోవడం, జబ్బు చేయడం వంటి అనుకోని కష్టం వస్తే, వాయిదా మార్చమని అప్పిచ్చిన కంపెనీని అడిగే హక్కు 2003 నాటి వినియోగదారుల రుణ చట్టం ఇచ్చింది. వాయిదాలు బాగా వెనకబడక ముందే అడగాలి. ఆస్తీ లేక, కట్టే శక్తీ లేనివారికి నో అసెట్ ప్రొసీజర్ అని వేరే ఉంది, జీవితంలో ఒక్కసారే.

మనీటాక్స్ అనే ఉచిత సలహా లైను నంబరు 0800 345 123. మాటలు గోప్యంగానే ఉంటాయి. ఫోను చేసేముందు జీతం స్లిప్పులు, కార్డు బిల్లులు, స్నేహితులకివ్వాల్సిన చేబదుళ్ళ లెక్క ఒకచోట పెట్టుకోండి. వీలైతే భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని మాట్లాడండి.