సైలోలలో ధాన్యపు భారం: చిన్న, పెద్ద గింజల మధ్య బల ప్రసారం

నీటి తొట్టెలో లోతు పెరిగేకొద్దీ అడుగున పీడనం పెరుగుతుంది. ధాన్యం నింపిన సైలోలో మాత్రం కొంత ఎత్తు దాటిన తరువాత ఇంకా ఎంత పోసినా అడుగు పీడనం దాదాపు స్థిరంగా ఉంటుంది. గింజలకు, గోడలకు మధ్యగల ఘర్షణ వలన అదనపు బరువును గోడలే మోస్తాయని జర్మన్ ఇంజనీరు జాన్సెన్ 1895లో వివరించాడు.

గింజలు ఒకదానినొకటి తాకే చోట్ల మాత్రమే బలం ప్రసరిస్తుంది. అయితే అన్ని గింజలూ సమానంగా భారం మోయవు. వరుసగా ఆనుకొన్న కొన్ని గింజలు 'బల శృంఖలాలు'గా ఏర్పడి అధిక భారాన్ని మోస్తాయి. ప్రక్కనున్న గింజలపై భారం స్వల్పంగానే ఉంటుంది.

విరిగిన గింజలు, పొడి తక్కువగా ఉన్నప్పుడు అవి పెద్ద గింజల సందులలో ఇమిడిపోతాయి, భారంలో పాలుపంచుకోవు. వాటి పాలు సుమారు మూడవ వంతుకు చేరితే పెద్ద గింజలు ఒకదానికొకటి దూరమై, సన్నని పదార్థమే భారాన్ని మోయసాగుతుంది.

పైనుండి పోసేటప్పుడు సన్నని పదార్థం మధ్యలో పేరుకొని, పెద్ద గింజలు అంచులకు దొర్లుతాయి. మధ్యభాగంలో గాలి ఆడక, తేమ నిలిచి గింజలు అతుక్కుంటాయి. అడుగు నుండి ధాన్యం తీసినప్పుడు ఈ భాగం కమానువలె నిలిచి, దాని క్రింద ఖాళీ ఏర్పడుతుంది. పైకి గట్టిగా కనిపించే ఆ పొరపై మనిషి నడిస్తే కమాను కూలి, అతడు ధాన్యంలో కూరుకుపోతాడు.

కావున నిల్వకు ముందు ధాన్యాన్ని జల్లించాలని, ధాన్యం తీసే సమయంలో సైలోలోనికి ఎవరూ దిగరాదని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు, గోదాము కార్మికులకు తప్పక తెలియజేయాలి.