మీకు తెలుసా? ఇంటితోపాటు చర్చి కప్పు ఖర్చూ!

ఇంగ్లండ్, వేల్స్‌లలో కొన్నిచోట్ల ఇల్లు కొంటే, ఊళ్లోని పాత చర్చిని బాగు చేయించే బాధ్యత కూడా మెడకు చుట్టుకోవచ్చు. చర్చి మొత్తం కాదు, బలిపీఠం ఉండే చాన్సెల్ భాగానికి మాత్రమే. మధ్యయుగాల నాటి ఈ బాధ్యత భూమిని అంటిపెట్టుకుని వస్తుంది. నాస్తికులకూ మినహాయింపు లేదు!

వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లోలో ఒక జంట డబ్బు కట్టేది లేదని కోర్టుకెక్కితే, 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చర్చి పక్షానే తీర్పిచ్చింది. మరమ్మతుల బిల్లే 1,80,000 పౌండ్లు దాటింది. లాయర్ల ఖర్చు వేరే.

2013 అక్టోబరు 13 నుంచి, ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించుకోని చర్చిల హక్కుకు పాత రక్షణ పోయింది. అయినా చాలామంది సొలిసిటర్లు కొనుగోలుకు ముందు చాన్సెల్ సెర్చ్ చేయిస్తూనే ఉన్నారు. అనుమానం ఉంటే బీమా తీసుకోమంటారు.