పసిఫిక్‌లో నీరు ఉబ్బితే మెట్ట రైతుకు హెచ్చరిక

ఆకాశంలో తిరిగే ఉపగ్రహానికీ, మన చేలో వేసే విత్తనానికీ సంబంధం ఏమిటని రైతు సోదరులు అనుకోవచ్చు. సంబంధం ఉంది. వానాకాలం ఎలా ఉంటుందో అంచనా కట్టడానికి శాస్త్రవేత్తలు చూసే గుర్తుల్లో పసిఫిక్ మహాసముద్రపు నీటి మట్టం ఒకటి. దాన్ని కొలిచేది ఉపగ్రహంలోని రాడార్.

కొలిచేది ఇలా

కొండకు ఎదురుగా నిలబడి కేకేస్తే అది తిరిగి మనకే వినిపిస్తుంది. కొండ దగ్గరైతే త్వరగా, దూరమైతే ఆలస్యంగా. రాడార్ పనీ ఇంతే. ఉపగ్రహం పంపిన రేడియో తరంగాలు సముద్రానికి తగిలి వెనక్కి వస్తాయి. పోయి వచ్చిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడతారు. ఉపగ్రహం ఎంత ఎత్తులో ఉందో తెలుసు కనుక, అందులోంచి ఈ దూరం తీసేస్తే నీటి మట్టం తేలుతుంది.

1992 ఆగస్టులో అమెరికా, ఫ్రాన్స్ కలిసి పంపిన టోపెక్స్-పొసైడాన్ ఉపగ్రహం 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి కొలిచినా తేడా సుమారు 4 సెంటీమీటర్లే. 2013 ఫిబ్రవరి 25న భారత్, ఫ్రాన్స్‌ల సరల్ ఉపగ్రహం ఇదే పని మీద మన శ్రీహరికోట నుంచే వెళ్లింది.

ఎల్‌నినో జాడ

నీరు వేడెక్కితే ఉబ్బుతుంది, మట్టం పెరుగుతుంది. మామూలు ఏడాదుల్లో గాలులు పసిఫిక్‌లోని వెచ్చని నీటిని ఇండొనేషియా వైపు నెడతాయి. అక్కడ సముద్రం దక్షిణ అమెరికా వైపు కంటే సుమారు అర మీటరు ఎత్తుగా ఉంటుంది. గాలులు తగ్గితే ఆ వెచ్చదనం తూర్పుకు జారుతుంది. అదే ఎల్‌నినో. ఆ తీరం చేరడానికి రెండు, మూడు నెలలు పడుతుంది. దారిలో ఉండగానే ఉపగ్రహం పసిగడుతుంది.

ఎల్‌నినో ఏడాదుల్లో మన నైరుతి వానలు తగ్గే అవకాశం ఎక్కువ. దేశం మొత్తం మీద వాన 2009లో 22 శాతం, 2015లో 14 శాతం తగ్గింది. అయితే 1997లో ఎల్‌నినో చాలా బలంగా ఉన్నా వాన మామూలుగానే పడింది. కాబట్టి కరువు తప్పదని బెంబేలు పడొద్దు. ముందు జాగ్రత్త మాత్రం విడవొద్దు.

రైతులు చేయాల్సింది

వాతావరణ శాఖ ఏప్రిల్‌లో ఒకసారి, మే చివర్లో మరోసారి నైరుతి అంచనా ప్రకటిస్తుంది. ఎల్‌నినో మాట వినిపించిన ఏడాది:

* తొలి చినుకుకే తొందరపడి విత్తొద్దు. నేల బాగా తడిసే దాకా ఆగండి.
* అప్పు తెచ్చిన సొమ్మంతా ఒకే పంట మీద పెట్టొద్దు. వేరుశనగలో కంది సాళ్లు వేసుకుంటే ఒకటి పోయినా ఇంకోటి ఆదుకుంటుంది.
* వాన ఆలస్యమైతే వేసుకోవడానికి కొర్ర, సజ్జ లాంటి తక్కువ కాలపు పంటల విత్తనం కొంత దగ్గర ఉంచుకోండి.
* వాలుకు అడ్డంగా దున్నండి. పడిన నీరు చేలోనే ఇంకుతుంది.
* బోరు కింద వరికి బదులు ఆరుతడి పంటలు చూసుకోండి.

దేశం మొత్తానికి చెప్పే అంచనా మన ఊరికి అచ్చంగా సరిపోకపోవచ్చు. మండల వ్యవసాయాధికారిని అడిగి మన నేలకు తగ్గ పంట ఎంచుకోవాలి. ఈ ఆలోచన విత్తనం కొనక ముందే చేయాలి. మొలక ఎండాక చేసేదేమీ ఉండదు.