మాళిగ మీదికి వెళ్దామా?

"పైకెక్కాలి మామయ్యా, నేలమాళిగ కొండ మీదుంది" అన్నాడు మా మేనల్లుడు. మాట తడబడ్డాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, జర్మనీలోని ఫ్రాంకోనియాలో మాట నిజంగానే అలా ఉంటుందని. బంగాళాదుంపల కోసమైతే మాళిగలోకి దిగుతారు. బీరు కోసమైతే మాళిగ మీదికి వెళ్తారు.

కారణం చల్లదనం. ఇక్కడి బీరు నెమ్మదిగా, చలిలో పులిసే రకం. ఐసు యంత్రాలు లేని రోజుల్లో చలికాలంలో కాచిన బీరును ఎండాకాలం దాకా కాపాడటానికి ఊరి పక్క కొండల్లోకి సొరంగాలు తవ్వారు. పైన ఎండ తగలకుండా చెట్లు నాటారు. నీడ ఉంది, కింద పీపాలున్నాయి. నాలుగు బల్లలు వేస్తే చాలు, జనం వాళ్లే వచ్చారు. 1870ల్లో కార్ల్ ఫోన్ లిండే శీతల యంత్రాలు తెచ్చాక సొరంగాల అవసరం తగ్గింది గానీ చెట్ల కింద కూర్చునే అలవాటు పోలేదు. తాటివనంలో చెట్టు కిందే కల్లు తాగిన మనవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

మేనల్లుడు ఎర్లాంగెన్‌లో ఉద్యోగం చేస్తాడు. కారు వాడిది, స్టీరింగు వాడిది, అందువల్ల ఆపిల్ రసంలో సోడా కలిపిన గ్లాసు కూడా వాడిదే. లీటరు రక్తంలో అర గ్రాము ఆల్కహాలు దాటితే ఇక్కడ లైసెన్సుకే ఎసరు. "రాసిపెట్టుకో మామయ్యా, నాకు బాకీ" అంటూ ప్రతి ఊళ్లోనూ లెక్క చెప్పాడు.

మొదటి మజిలీ బాంబెర్గ్. రెగ్నిట్జ్ నది ఒడ్డున ఏడు కొండల పట్నం, 1993 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. బవేరియా డ్యూకు బీరు కల్తీ మీద 1516లో చట్టం తెచ్చాడని లోకమంతా చెప్పుకుంటుంది. కానీ బాంబెర్గ్ బిషప్పు 1489లోనే మాల్టు, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ వేయరాదని శాసించాడు. అప్పట్లో బాంబెర్గ్ బవేరియాలో భాగమే కాదు కాబట్టి, ఈ ఇరవై ఏడేళ్ల పెద్దరికాన్ని ఊరివాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు.

కేథడ్రల్ కింది సందులో ష్లెంకెర్లా అనే పాత మద్యశాల ఉంది. కాళ్లు ఈడుస్తూ, ఊగుతూ నడిచిన ఒకప్పటి యజమానికి జనం పెట్టిన పేరట అది. దొరికేది పొగబీరు. మనిళ్లలో రాగిమాల్టు ఎలా చేస్తామో గుర్తు చేసుకోండి: రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి వేయిస్తాం. బార్లీదీ అదే దారి. ఒకప్పుడు మొలకలను కట్టెల మంట మీదే ఆరబెట్టేవాళ్లు గనుక చాలా బీర్లకు పొగ వాసన ఉండేది. వేడిగాలి బట్టీలు వచ్చాక లోకమంతా పొగను వదిలించుకుంది. ఈ ఊళ్లో ష్లెంకెర్లా, 1536 నాటి స్పెట్సియల్, రెండూ వదల్లేదు. ఇప్పటికీ బీచ్ చెట్టు కట్టెలు మండించి మాల్టు ఆరబెడుతున్నాయి.

నల్లటి బీరు, చెక్క పీపాలోంచి నేరుగా గ్లాసులోకి. మొదటి గుక్క మింగలేకపోయాను. మేనల్లుడు వాసన చూసి, "అమ్మమ్మ వాళ్లింట్లో కట్టెల పొయ్యి మీద కాచిన స్నానం నీళ్లు" అన్నాడు. అంతకన్నా బాగా నేను చెప్పలేను. మూడో గ్లాసుకి గానీ రుచి తెలియదని ఇక్కడివాళ్లంటారు. నేను రెండోదానికే లొంగిపోయాను.

అదే ఊళ్లో మార్స్ బ్రాయ్ అనే బీరు బట్టీ దగ్గర ఆర్డరివ్వడానికి జర్మన్ అక్కర్లేదు. "ఆ ఊ" అంటే చాలు. ఆ అంటే ఒకటి. ఊ అంటే బిరడా బిగించకుండా మాగబెట్టిన బీరు. గ్యాసు చాలావరకు పోతుంది, నురగ తక్కువ, కడుపు ఉబ్బదు. ఆ ఊ అంటే బీరు తెచ్చిపెట్టే ఊరు ఇంకెక్కడుంటుంది?

మర్నాడు తూర్పుగా, సున్నపురాయి గుట్టల మధ్య మెలికల రోడ్డు పట్టుకుని ఆవుఫ్‌సెస్ వెళ్లాం. చుట్టుపక్కల పల్లెల్ని కలుపుకున్నా పదిహేను వందలు దాటని జనాభాకు నాలుగు బీరు బట్టీలు. జనాభా లెక్కన అత్యధిక బట్టీలున్న ఊరుగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. నాలుగింటినీ కలుపుతూ పొలాల మధ్య పదమూడు, పద్నాలుగు కిలోమీటర్ల కాలిబాట ఉంది. కారులో తిరిగితే పరమ అన్యాయం, మేం చేసింది అదే. ఆ నాలుగింట్లో ఒకటైన హెకెన్‌హోఫ్‌లోని కాథీ బ్రాయ్ ముందు మోటారు సైకిళ్లు బారులు తీరి ఉన్నాయి. తోలుకోట్లవాళ్లు ముదురు గోధుమరంగు బీరు ముందు చర్చిలో కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నారు.

ఈ పల్లె బట్టీల బీరు చాలావరకు చుట్టుపక్కల ఊళ్లు దాటి పోదు. దాటించాలన్న తాపత్రయమూ కనిపించదు. పట్నాల్లో 'క్రాఫ్ట్ బీరు' అని పేరుపెట్టి, మామిడిపండు కలిపి, రంగురంగుల డబ్బాల్లో అమ్మేవాళ్లను చూసిన కళ్లకు ఇది వింతే. ఇక్కడ బీరు ఊరి బావినీళ్లలాంటిది, కావాలంటే మనమే వెళ్లాలి. దీనికి ఇంకో ముఖమూ ఉంది: కొడుకో కూతురో బట్టీ చేపట్టకపోతే ఆ రుచి అక్కడితో సరి. అలా మూతపడినవి ఫ్రాంకోనియాలో తక్కువేం కాదు.

చివరికి ఫోర్‌హైమ్, అన్నా జాతర. యేసు అమ్మమ్మ సెయింట్ అన్నా పండుగ జూలై 26న. ఆమె గుడికి మొక్కు తీర్చుకోవడానికి పొరుగూరు వెళ్లి తిరిగొచ్చేవాళ్లు అడవిలోని ఈ మాళిగల దగ్గర ఆగి గొంతు తడుపుకునేవాళ్లు. 1840 నుంచి అది జాతరైంది. ఇప్పుడు పదకొండు రోజులు, కొండవాలు మీద ఇరవైకి పైగా మాళిగలు, బ్యాండు మేళాలు, రంగులరాట్నాలు. ఊళ్లోని బట్టీలు జాతర కోసం కాస్త గట్టి బీరు విడిగా కాస్తాయి. తమ కొండ జాతర 1755 నాటిదని ఎర్లాంగెన్‌వాళ్లు గుర్తుచేస్తుంటారు. వాదన తెగదు, తెగాలని ఎవరికీ లేదు కూడా.

మామూలు రోజుల్లో చాలా మాళిగల దగ్గర బీరు వాళ్లది, చద్ది మనది. అందుకే అంతకుముందు సాయంత్రం ఒక పల్లెలో మేం పులిహోర డబ్బా విప్పితే ఎవరూ ఏమీ అనలేదు; పక్క బల్ల పెద్దాయన మాత్రం ఎండుమిరపకాయను అనుమానంగా చూశాడు.

జాతర నాడు ఎండ మాడ్చేస్తోంది. సొరంగం తలుపు తెరిచినప్పుడల్లా చల్లగాలి పిక్కలకు తగిలేది. మేనల్లుడు లీటరు మగ్గు రెండు చేతులా పట్టుకుని వచ్చి బల్ల మీద పెట్టాడు. కారు ఇంటి దగ్గరే ఉంది, ఇద్దరం రైల్లో వచ్చాం.

"పాత బాకీలో మొదటి వాయిదా మామయ్యా" అన్నాడు.